ఇంద్రజ కూర్చున్న రోజు

చెన్నైలోని తిరువొత్తియూరులో ఉండే ఇంద్రజకు యాభై దగ్గర పడ్డాయి. అంబత్తూరులో మసాలా పొట్లాలు కట్టే ఫ్యాక్టరీలో చేరినప్పుడు కూతురు చంకలో ఉంది. ఇప్పుడా కూతురికే బిడ్డ పుట్టింది. ఇన్నేళ్లూ పొట్లాలు కదిలే బెల్టు పక్కన నిలబడే పనిచేసింది. గొంతు పెంచి ఎరగదు.

ఒకరోజు ఆమె పక్కన నిలబడే జెబ, కడుపుతో ఉన్న పిల్ల, కళ్లు తిరిగి పడిపోయింది. కొన్నాళ్లు మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. మర్నాడు పొద్దున్నే మేనేజరు ఆనందన్ ఆడవాళ్లందరినీ పోగుచేసి గోడ మీద తేనెటీగల వీడియో వేయించాడు. తుట్టెలో ఎవరి పని వాళ్లదే, అలగడాలు ఉండవు, చేతకాని ఈగను మిగతావి బయటికి నెట్టేసి పనిలో పడతాయి అని మెచ్చుకుంటూ చెప్పాడు. జెబ చోట్లోకి కొత్తమ్మాయి వస్తోందన్నాడు.

ఇంద్రజకు ఒళ్లు మండింది. తమిళంలోనే అడిగింది.

"సార్, మా వీధిలో కరెంటు తీగ తగిలి కాకిపిల్ల కింద పడింది. పొద్దుగూకేదాకా కాకులన్నీ చుట్టూ చేరి ఎవరినీ దగ్గరికి రానీలేదు. నా నెత్తిన కూడా తన్నాయి. వాటి వీడియో వేయరా?"

ఆనందన్ నవ్వాడు. "కాకులు కంపెనీ నడుపుతాయా?"

"ఈగలు నడిపేట్టయితే మేమెందుకు?"

అతను విసుగ్గా బెల్టు వేయమన్నాడు. కోపం ముదిరితే ఇంద్రజకు తెలుగే వస్తుంది. "మేము ఈగలం గాదు, కాకులం గాదు. మనుషులం. జెబ చోటు జెబకే ఉండాల. అందాకా ఈడ్నే కూర్చుంటా," అని నేల మీద చతికిలపడింది.

ఆనందన్‌కు ముక్క అర్థం కాలేదు. ఏళ్లుగా ఆమె పక్కనే పనిచేసిన వల్లికి మాత్రం అర్థమైంది. ఆ మాటలు తమిళంలో చెప్పేసి, తనూ వచ్చి ఇంద్రజ పక్కన కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. బెల్టు ఖాళీగా తిరిగింది.

గేటు దగ్గర లారీ సరుకు కోసం ఎదురుచూస్తోంది. మధ్యాహ్నానికి ఓనరు ఆనందన్‌కు ఫోను చేశాడు. జెబ చోటు జెబకే ఉంచి, కొత్తమ్మాయిని ఇంకో బెల్టుకు పంపారు. ఇంద్రజను మాత్రం మిరపకాయలు ఆడించే గదిలోకి మార్చారు. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లింది.

తిరిగొచ్చిన జెబ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా వల్లనే గదక్కా నీకీ పాట్లు."

"నీ వల్ల గాదు. ఎన్నో ఏళ్ల కిందనే చెయ్యాల్సిన పని, ఇప్పుడు చేసినాను," అంది ఇంద్రజ, దగ్గుతూనే.

ఇప్పుడామె నిలబడి పనిచేసేవాళ్లకు స్టూళ్లు కావాలంటోంది. ఆనందన్ కుదరదన్నాడు. ఈసారి అడగడానికి వల్లి, జెబ కూడా వెంట వెళుతున్నారు.