సుగుణ పిన్ని విన్న అమెరికా పాఠం

మా చిన్నప్పుడు... దుబాయ్ దాటాక వచ్చే రాస్ అల్ ఖైమాలో, మా చిన్న ఫ్లాటులో వంటగదే నా చదువుల గది. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఏ పాఠమైనా తెలుగులో తనకు అప్పజెప్పాల్సిందే. "నాకర్థమైతేనే నీకొచ్చినట్టు" అనేది.

2005 అనుకుంటా... తొమ్మిదో తరగతి. అమెరికా అంతర్యుద్ధం ఎందుకొచ్చిందో శనివారం క్లాసులో నిలబడి చెప్పాలి.

ఆ వారమే మా ఇంట్లో సుగుణ పిన్ని ఉంది. చుట్టం కాదు, అమ్మవాళ్ళ గోదావరి వైపు ఆవిడ, కిరాణా కొట్లో పరిచయం. ఒక ఇంట్లో పనికి వచ్చింది. గడువు దాటినా ఊరికి పంపకపోతే, ఒక మధ్యాహ్నం చెత్త పారేయడానికని బయటికొచ్చి, అటునుంచి అటే మా ఇంటికి నడిచొచ్చేసింది. పాస్‌పోర్టు మాత్రం కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న ఆ ఇంటి యజమాని దగ్గరే ఉండిపోయింది.

నాన్నది ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇలా వచ్చేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుంటే మన వీసాకే ముప్పు, తీసుకెళ్ళి ఆ ఇంట్లోనే దింపి మంచిగా మాట్లాడదాం అన్నాడు. అమ్మేమో కాన్సులేటుకు తీసుకెళ్ళి ఊరికి పంపిద్దామంది. రెండు రోజులు వాదించుకుని ఒక రాజీకి వచ్చారు... శుక్రవారం దాకా ఉండొచ్చు, కిటికీ దగ్గరికి మాత్రం రాకూడదు. ఆ తర్వాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

గురువారం సాయంత్రం అమ్మకు పాఠం మొదలుపెట్టాను. ఉత్తరాన బానిసలు లేరు, దక్షిణాన పత్తి చేలన్నీ వాళ్ళ రెక్కల మీదే. కొత్త రాష్ట్రం చేరినప్పుడల్లా అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అని తగువు... తగువు వచ్చినప్పుడల్లా ఒక రాజీ. చివరికి, ఉత్తరానికి పారిపోయి వచ్చినవాళ్ళను పట్టి వెనక్కి ఇచ్చెయ్యాలని చట్టం తెచ్చారు. దాంతో మనకెందుకులే అని కూర్చున్నవాళ్ళ గుమ్మంలోకే గొడవ వచ్చింది.

పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"మరి ఆళ్ళకి అన్నం ఎట్టినోళ్ళని ఏం చేసేవోరు పాపా?"

తెలిసిన జవాబు కదా... గర్వంగా చెప్పేశాను. "జరిమానా వేసేవాళ్ళు పిన్నీ, జైలు కూడా."

అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. "అది ఎప్పటిదో, అమెరికాలోది సుగుణా" అంది. "అవునక్కా" అని పిన్ని మళ్ళీ చాటలోకి వంగింది. పిన్ని బానిస కాదు, జీతానికి వచ్చిన మనిషి. ఆ తేడా నాకూ తెలుసు. కానీ ఆ చట్టం నాకంటే ఆవిడకే బాగా అర్థమైంది.

శుక్రవారం తెల్లారేసరికి పిన్ని లేదు. దుప్పటి మడతపెట్టి, ఏరిన బియ్యం డబ్బాలో పోసి వెళ్ళిపోయింది.

ముందుగా కారు తాళాలు తీసుకుంది నాన్నే. నన్నూ ఎక్కించుకుని జుమ్మా నమాజు వేళ దాకా టాక్సీ స్టాండు, సముద్రపు ఒడ్డు, కిరాణా కొట్లు అన్నీ వెతికాడు. దొరకలేదు. "దొరికుంటే నేనే కాన్సులేటుకి తీసుకెళ్ళేవాణ్ణి" అన్నాడు ఇంటికొచ్చాక.  ఆ బియ్యం వండడానికి అమ్మకు చాలా రోజులు చేతులు రాలేదు.

శనివారం క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క జవాబు తెలియదని చెప్పి ఉంటే ఎంత బావుండేది...

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను, ఎవరు ఎక్కడున్నా నిమిషంలో కబురు. అప్పుడు పిన్ని దగ్గర మా నంబరు రాసిన చీటీ కూడా లేదు. మీ చిన్నప్పటి ముచ్చట్లు కూడా చెబుదురుగాని... ముందు ఇది చూడండి. గోదావరి వైపు, అప్పట్లో దుబాయ్ నుంచి తిరిగొచ్చిన సుగుణ అనే ఆవిడ మీకు తెలిస్తే, ఇల్లు చేరిందని ఒక్క మాట కింద రాయండి. నాన్న ఇప్పటికీ అడుగుతుంటాడు.