ఆగ్నేయం మూల డిష్షు

ఇరవై ఏండ్లుగా నేను బాగుచేసిన మరమగ్గాలన్నిటి మీద ఒట్టు. వాటిని మేం సాంచాలంటం. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా రేపటి నుంచి నా చేతుల ఏ సాంచా తిరగకూడదు.

సాంచాల బస్తీ నార్పోలిలో మాది కింది ఖోలీ, అంటే ఒంటి గది. పై ఖోలీ మా ఇంటామె వాళ్ల అన్నయ్యది, అంటే మా బావది; ఆయనకు వేరే గల్లీల సొంత సాంచాలున్నయి. ఇద్దరం ఒకే వారం డిష్షులు తెచ్చుకున్నం. బిగించేటోడు మెడ ఎత్తి చూసి, "ఆగ్నేయం దిక్కు ఆకాశం కనబడాలె. రెండే జాగాలున్నయి. పైన రేకులు, లేకుంటే పక్క కార్ఖానా గోడ" అన్నడు. రేకుల మీద రెండింటికీ చోటున్నది.

"నా రేకులకు ఇంకో బొక్క పడనియ్య," అన్నడు మా బావ. "నీది గోడకు కొట్టుకో."

ఆయనది రేకుల మీద ఆగ్నేయం మూలకు ఎక్కింది, నాది గోడకు కొట్టుకున్న. గోడ అవతల ఇరవై నాలుగు సాంచాలు. అవి నడిచినంతసేపు గోడ వణుకుతది, డిష్షు వణుకుతది, బొమ్మ ముక్కలైతది. సీరియల్లో అత్త కొట్టడానికి చెయ్యెత్తితే ఆ చెయ్యి అక్కడనే ఆగిపోయేది. కరెంటు పోతే గోడ నిమ్మళమయ్యేది గని, టీవీ గూడ పోయేది.

మా ఇంటామె సీరియల్ కోసం పైకి పోవుడు మొదలువెట్టింది. ఒకనాడు పిలవడానికి పోతే, గడప బయట నిలబడి చూస్తున్నది. బావ నవ్విండు.

"ఏంది బావా, నీ టీవీని తుక్కు కొనే భంగారోనికి అమ్మరాదు? చెల్లె మా గడప అరగదీస్తున్నది."

మెట్లు దిగుతుంటే ఆమె, "నాకు సీరియలే వద్దు" అన్నది.

పది రోజులు ఆగిన. తర్వాత బావ చాయ్ తాగుతుంటే పక్కన చేరిన.

"వరాలా తలావ్ కాడ ఒక సాంచాల సేఠ్, ఇంటి నెత్తి మీద ఆగ్నేయం మూల ఇనుప పళ్లెం పెట్టించిండు. మూడు నెలల్ల సాంచాలన్నీ తుక్కు కింద పోయినయి."

"గట్లనా?"

"ఆ వాస్తు దోషం డిష్షు ఎవరిదో వాళ్లకేనట. గోడకున్నదానికి ఏం గాదు."

"మరి నీ బొమ్మ ఆగుతది గద?"

"తప్పు గోడది గాదు, నా టీవీ భంగారని నువ్వే అంటివి."

తెల్లారే వచ్చి బతిమాలిండు. "బావా, నీ గోడ నాకియ్యి, నా రేకులు నువ్వు తీస్కో. నీకు పోయేటందుకు సాంచాలు లేవు గద!" రెండు రోజులు ఆలోచించినట్టు నటించి ఒప్పుకున్న.

ఇప్పుడు మా ఇంట్ల బొమ్మ అద్దం లెక్క. పైన ఆయన బొమ్మ రోజంతా ముక్కలే. నెల తిరగకముందే దిగొచ్చి, "తప్పయింది బావా" అన్నడు. నా మనసు కరిగింది. ఆయన డిష్షును రేకుల మీద, మాదాని పక్కనే బిగించిన.

ఇగ ఒప్పుకుంట. కరిగింది, బిగించిన అన్న ఆ రెండు మాటలు కల్పితం. మిగతాదంతా నిజం. "మా అన్న డిష్షు పైన ఎప్పుడు పెడ్తవు?" అని మా ఇంటామె రోజూ అడుగుతది. వానలు తగ్గినంక అని చెప్తున్న. వానలు తగ్గి నాలుగు నెలలైంది.