కైరో వెళ్ళిన పుస్తకం

మొన్న పోయిన అరబ్బీ మాస్టారు పంజగుట్టలో మా పై వాటాలో ఉండేవారు. ఏ పాత రాతప్రతి తెరిచినా, అది చేతులు మారిన ఊళ్ళను మొదటి పేజీ మీద వేలుపెట్టి చదివేవారు. పుచ్చుకున్నవాళ్ళు తమ ఊరు అక్కడ రాయడం ఆనవాయితీ.

ఇంటి యజమాని ఆ ఇంటిని కంప్యూటర్ కోచింగ్‌కి ఇచ్చేస్తున్నారని తెలిశాక, మాస్టారు తన తండ్రి దాచిన అరబ్బీ వైద్యగ్రంథాన్ని కైరో నుంచి వచ్చిన పండితుడికి అప్పగించడానికి సిద్ధపడ్డారు. ఊరు రాయమంటే ఆ పండితుడు ఒప్పుకోలేదు. వాళ్ళ గ్రంథాలయంలో నంబరు మాత్రమే అంటిస్తారట.

"పోనీండి మాస్టారూ, ఏ ఊరు చేరిందో కంప్యూటర్లో ఉంటుందిగా" అన్నాను.

"కంప్యూటర్ల ఉంటది భాయ్. పుస్తకం తెరిచినోనికి ఎట్ల తెలుస్తది?" అన్నారు నీరసంగా.

మొదటి పేజీ తెరిచారు. షీరాజ్, బీజాపూర్, తండ్రి రాసిన హైదరాబాద్. వాటి కింద కైరో అని తనే రాశారు. సిరా ఆరేదాకా పుస్తకాన్ని ఒళ్ళోనే ఉంచుకున్నారు.