లచ్చవ్వ పేరు లేని కాగితం

పోయిన వారం మాదాపూర్‌లోని మా ఆఫీసుకు ఏదో జిల్లా నుంచి పాత రిజిస్టర్లు స్కానింగ్ కోసం అట్టపెట్టెల్లో వచ్చాయి. మొదటి పెట్టెకు అంటించిన టేపు లాగగానే ఏసీ గదంతా ఒక వాసన కమ్మేసింది. చెమ్మ తగిలిన బంక, పురుగు కొట్టిన కాగితం, ఎవరో ఎప్పుడో మధ్యలో పెట్టి మరిచిపోయిన వేపాకు, అన్నీ కలిసిన వాసన. వరసగా మూడు తుమ్ములు తుమ్మాను. పక్క సీట్ల వాళ్ళు మాస్కులు వెతుక్కున్నారు. నాకు మాత్రం సత్తయ్య సారు గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "తుమ్మొచ్చిందంటే కాయితం అసలుదే బిడ్డా" అనేవారు ఆయన. ఆయన పోయి ఆరేళ్ళయింది.

సత్తయ్య సారు మా ఇంటి ఓనరు. కడప జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో హాస్టల్ చారు మింగుడుపడక, మాదాపూర్ పాత ఊరి సందుల్లో గది వెతుక్కుంటుంటే ఆయన ఇంటి పై పోర్షను కిరాయికి దొరికింది. కింద ఆయన, భార్య, కొడుకు కుటుంబం ఉండేవారు. ముప్పై ఏళ్ళకు పైగా తహసీలు ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. పాత భూమి కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి కాబట్టి, ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడి ముసలి మున్షీ దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నారట. నీళ్ళ మోటారు ఎందుకు పనిచేయడం లేదో అడగడానికి ఒక ఆదివారం కిందికి దిగాను. ఆయన చాప మీద పెద్ద చార్టు పరిచి, భూతద్దం పట్టుకుని బోర్లా పడుకుని ఉన్నారు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. "నీకు కంప్యూటర్ వస్తదిగద, జర కూసో" అన్నారు. మోటారు సంగతి ఆ రోజు తేలలేదు కానీ, ఆ తర్వాత రెండేళ్ళ ఆదివారాలు నేను ఆ చాప మీదే గడిపాను.

ఆయన తన వంశవృక్షం రాస్తున్నారు. ఆయన సొంతూరు తెల్లాపూర్ అవతల. తాతల నాటి పొలాల్లో ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలు లేచాయి. మట్టి ఎట్లాగూ పోయింది, మనుషుల పేర్లన్నా నిలబెట్టాలని ఆయన పట్టుదల. ఉర్దూ కాగితాలు ఆయన చదివి చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. ఎవరి మాటనూ ఊరికే నమ్మే రకం కాదు. ఒకసారి ఆయన పెదనాన్న కొడుకు వచ్చి, మన ముత్తాత పులితో కుస్తీ పట్టి ఇనాంగా భూమి సంపాదించాడని గంటసేపు చెప్పాడు. సారు శ్రద్ధగా విన్నారు, చాయ్ తాగించారు, ఆయన వెళ్ళాక ఆ సంగతి వేరే నోటుపుస్తకంలో రాసుకున్నారు. దాని అట్ట మీద 'పులి కథలు' అని ఉంది. రెండు చోట్ల రుజువు దొరికితే తప్ప ఏ పేరూ చార్టు ఎక్కేది కాదు. ఎక్కిన ప్రతి పేరుకూ నాలుగు వాక్యాలు రాయాలి. ఏం పని చేశాడు, ఎవరిని చేసుకున్నాడు, దేనితో పోయాడు, మనిషి ఎట్లాంటివాడు. ఎందుకింత శ్రమ అని అడిగితే, ఉత్త పేర్లు రాస్తే ఓటర్ల లిస్టు అవుతుంది తప్ప ఇల్లు కాదన్నారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తాను. నా తప్పు ఇంకొకరు పడితే ఓర్చుకోలేను. పాత పహాణీలో రామయ్య పేరున ఉన్న భూమి తర్వాత బాలయ్య పేరుకు మారింది. నేను బాలయ్యను రామయ్య కొడుకుగా పెట్టి, కింద నాలుగు తరాలు దించేశాను. సారు భూతద్దం పెట్టి చూసి, ఈయన కొడుకని ఎవరు చెప్పారని అడిగారు. భూమి ఆయనకే వచ్చింది కదా సార్ అన్నాను. భూమి వచ్చిన వాళ్ళంతా కొడుకులైపోతారా అన్నారు. బాలయ్య ఇల్లరికం వచ్చిన అల్లుడు. ఆయన చదివి చెప్పినదాంట్లో ఆ మాట ఉండనే ఉంది, నేనే పట్టించుకోలేదు. నాలుగు తరాలూ చెరిపించి, మళ్ళీ చేత్తో రాయించారు. వారం రోజులు మేడ మెట్లు కావాలనే దబదబ తొక్కుతూ ఎక్కాను. తర్వాతి ఆదివారం ఆయన చెప్పారు.

"మొగోళ్ళు పొలాలు యాదికుంచుకుంటరు బిడ్డా. ఆడోళ్ళు పురుళ్ళు యాదికుంచుకుంటరు. కొడుకెవరో, అల్లుడెవరో ఆళ్ళనే అడగాలె."

అప్పటి నుంచి మేం ముసలమ్మల వేటలో పడ్డాం. అట్లా ఒక రోజు తెల్లాపూర్‌లో పన్నెండో అంతస్తులో ఉండే, ఆయనకు వరుసకు వదినయ్యే ముసలావిడ దగ్గరికి వెళ్ళాం. ఆమె సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఊళ్ళో ఎవరికి ఎందరు పుట్టారో, ఎందరు పోయారో వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. మధ్యలో సారు వైపు చూసి, "మీరు ముగ్గురు గద. పెద్దది లచ్చవ్వ" అంది. నా పెన్ను ఆగిపోయింది. మా చార్టులో సారు, ఆయన తమ్ముడు, ఇద్దరే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో ఆయన దారి పొడవునా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఊరుకోవలసింది. కానీ లెక్క కుదరని చోట ఆగలేకపోవడం నా జబ్బు. ఇంటికి రాగానే వాళ్ళ నాన్నగారి కాగితాల కట్ట విప్పాను. అందులో తెలుగులో రాసిన ఫౌతీ రిపోర్టు నకలు ఉంది. పట్టాదారు చనిపోతే భూమి ఎవరి పేరుకు మార్చాలో వారసులను రాసే కాగితం అది. 'మృతునికి ఇద్దరు కుమారులు. ఇతర వారసులు లేరు' అని ఉంది. ఏడాదిన్నరగా చదువుతున్న చేతిరాత, గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాను? సారు చేతిరాతే. ఇది మీరు రాసిందేనా సార్ అని అడిగేశాను. ఆయన ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి, ఇవాళ్టికి చాలన్నారు. రెండు ఆదివారాలు నన్ను పిలవలేదు. మూడో ఆదివారం మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కి ఆయనే నా గదికి వచ్చారు.

లచ్చవ్వ ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది ఆమే. ఆమెను చేసుకున్నాయన తర్వాతి రోజుల్లో జీడిమెట్లలో కెమికల్ ఫ్యాక్టరీలో చేరి, అక్కడే కాపురం పెట్టాడు. నాన్న పోయేనాటికి సారు ఉద్యోగంలో కొత్త. తల్లి అంతకు ముందే పోయింది. నీ అక్షరం బాగుంటుంది, నువ్వే రాయి అని ఊరి పట్వారీ ఆ రిపోర్టు ఆయన చేతికే ఇచ్చాడు. కూతుళ్ళ పేర్లు రాస్తే సంతకాలకు వాళ్ళను మళ్ళీ పిలవాలి, అదో తిప్పలు, అందుకని ఊళ్ళో అందరికీ అట్లాగే రాసేవారట. అక్కకు అన్యాయం చేద్దామని రాయలేదని, అసలు అక్క ఆ క్షణాన గుర్తుకే రాలేదని, తనకు నిద్ర పట్టనివ్వనిది అదేనని చెప్పారు. చాలా ఏళ్ళకు పొలాలు అమ్మేటప్పుడు, కొనేవాళ్ళ వకీలు ఇంట్లో అందరి ముందూ ఆ కాగితం చదివాడు. ఆ రోజు లచ్చవ్వ అక్కడే ఉంది. చదువు రాని మనిషి. వకీలు వెళ్ళాక, తమ్ముణ్ణి పిలిచి మళ్ళీ చదవమంది. ఆయన చదివారు.

"నేను లేనని రాసినవా తమ్మీ?"

అంతే అడిగిందట. వాటా అడగలేదు, తిట్టలేదు. ఆ పూట అన్నం తినకుండా వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఈయనకూ మొహం చెల్లక పన్నెండేళ్ళు గడిచాయి.

నేను చార్టు ముందుకు జరిపి, ఇప్పుడు రాసేద్దాం సార్, అయిపోతుంది కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఆమెను అడగకుంట అప్పుడు తీసేసిన. ఇప్పుడు అడగకుంట రాస్తే గది గూడ గసొంటిదే గద బిడ్డా" అన్నారు. నేను చార్టు చుట్టేశాను.

తర్వాతి ఆదివారం జీడిమెట్ల వెళ్ళాం. ఆటో ఫ్యాక్టరీల వెనక సందులోకి తిరగగానే ముక్కు మండింది. లచ్చవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి తమ్ముణ్ణి చూసి, లేనిదాని ఇంటికి ఎందుకొచ్చావని అడిగి, చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండో ఆదివారం బయటికే రాలేదు. కోడలు మంచినీళ్ళు ఇచ్చి, ఏమనుకోవద్దంది. మూడో ఆదివారం సారు ఎండ నడినెత్తికి వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నారు. నాకు ఆకలి, చిరాకు. డెబ్బై ఆరేళ్ళ మనిషిని ఇట్లా కూర్చోబెట్టే ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. పోదాం సార్ అన్నాను. రికార్డు గదిలో ఒక్క కాగితం కోసం నాలుగు నెలలు వెతికిన రోజులున్నాయి, అక్క కోసం ఈ మాత్రం తిరగలేనా అని ఆయన కదల్లేదు.

నాలుగో ఆదివారం ఆమె బయటికి వచ్చింది. ఆయన వైపు చూడకుండా నా పక్కన కూర్చుని, చుట్టి పెట్టుకున్న చార్టును చూపించి, ఏం రాశారో చదవమంది. పై నుంచి మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని తలూపుతూ వింది. వాళ్ళ నాన్న పేరు దాటి, భార్య నర్సవ్వ అని చదవగానే చెయ్యెత్తి ఆపింది.

"మా అవ్వ పేరు నర్సవ్వ కాదు."

"అన్ని కాయితాలల్ల గదే ఉంది అక్కా" అన్నారు సారు.

"కాయితాలల్ల నేను గూడ లేను."

సారు తల దించుకున్నారు. ఆమే చెప్పింది. వాళ్ళమ్మకు పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు పోచవ్వ. అత్తగారి పేరూ పోచవ్వే. కోడల్ని పేరు పెట్టి తిడితే అత్తకు తగులుతుందని, పెళ్ళిపీటల మీదే పేరు మార్చి నర్సవ్వను చేశారు. ఇంట్లో కోడల్ని తిట్టడం ఆగదు కాబట్టి పేరు మార్చుకోవడమే తేలిక మరి. తలకు నూనె పెడుతూ ఆ తల్లి ఈ సంగతి కూతురికి మాత్రమే చెప్పుకుంది. తమ్ముళ్ళు ఎన్నడూ అడగలేదు. జిల్లాలోని ఊళ్ళన్నిటి వారసుల పేర్లు నోటికి చెప్పగల మనిషి, డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆ మెట్ల మీద తన కన్నతల్లి పేరు తెలుసుకున్నారు. దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు. లచ్చవ్వ మాత్రం ఏడవలేదు.

"ఏడుస్తె అక్షరాలు ఖరాబైతయి. రాయి" అంది.

ఆయన రాశారు. పోచవ్వ, పెళ్ళి తర్వాత నర్సవ్వ. ఆ కింద లచ్చవ్వ. లచ్చవ్వ చెబుతుంటే ఆమె ముగ్గురు పిల్లలను, మనవరాళ్ళతో సహా మనవలను, పురిట్లోనే పోయిన ఒక బిడ్డను కూడా రాశారు. పేరు పెట్టకముందే పోయిన ఆ బిడ్డను ఏమని రాయాలని అడిగితే, 'లచ్చవ్వ బిడ్డ' అని రాయమంది. చివర్న, తన పేరు ఎక్కడుందో చూపించమంది. సారు ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టారు. నీ పేరుకంటే ముందే రాశావా అని అడిగింది. ముందే రాసిన అక్కా అన్నారు. ఆ రోజు చింతపండు పులుసుతో మా ఇద్దరికీ అన్నం పెట్టింది. సారు మూడుసార్లు పెట్టించుకున్నారు.

ఆ తర్వాత ఆయన ఎన్నాళ్ళో లేరు. చార్టు మాత్రం పూర్తిచేసే వెళ్ళారు. నాకు పెళ్ళయి ఆ గది ఖాళీ చేసినా, ఉద్యోగం మాదాపూర్‌లోనే.

పోయిన ఏడాది మా నాన్న పోయారు. కర్మలు అయ్యాక, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం తమ్ముడితో కలిసి మా మండలాఫీసుకు వెళ్ళాను. వాడు ముందే ఇంట్లో నింపిపెట్టుకున్న అర్జీ ఫారం వరండాలో నా చేతికిచ్చి, ఒకసారి చూడమన్నాడు. భార్య, ఒక కుమారుడు అని ఉంది. నా తమ్ముడు చెడ్డవాడు కాడు. నాన్న ఆస్పత్రిలో ఉన్న నెల రోజులూ నన్ను ఒక్క రాత్రి కూడా మేలుకోనివ్వనివాడు. నేను ఆ ఫారం వైపే చూస్తుంటే వాడే కంగారుపడి, "పెండ్లయిన ఆడబిడ్డను రాయరేమో అనుకుంటి అక్కా" అన్నాడు. గట్టిగా అరిచి ఉంటే వాడు వెంటనే రాసేవాడే. కానీ నా నోటికి భయపడి రాసేవాడు. ఆ వరండాలోనే బల్ల మీద కూర్చోబెట్టి, వాడెప్పుడూ చూడని సత్తయ్య సారు గురించి, జీడిమెట్ల మెట్ల గురించి మొత్తం చెప్పాను. మా వంతు వచ్చి పిలిచినా లేవలేదు. విన్నాక వాడు వెళ్ళి కొత్త ఫారం తెచ్చి, పెన్ను నాకిచ్చి, నువ్వే రాయి అక్కా అన్నాడు.

"నేను రాస్తే ఏముంది? నువ్వు రాయి" అన్నాను.

వాడు మోకాలి మీద ఫారం పెట్టుకుని అమ్మ పేరు రాశాడు. తర్వాత నా పేరు రాశాడు. దాని కింద తన పేరు రాసుకున్నాడు.