కాలిఫోర్నియా కేసు, ఒర్లియంపేట తీర్పు

మా పెద్దమ్మకు తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు. ఒర్లియంపేటలో సగం పెళ్లిళ్లు కుదిర్చిన ఆవిడకు రోజూ తెలుగు పేపరు చదివి వినిపించే ఉన్నతోద్యోగం నాది. ఈ రోజు కాలిఫోర్నియా వార్త చదివాను. మగవాళ్లిద్దరు గాని, ఆడవాళ్లిద్దరు గాని పెళ్లి చేసుకోకూడదన్న నిషేధం చెల్లుతుందని అక్కడి కోర్టు చెప్పిందట. నిషేధానికి ముందు జరిగిన పెళ్లిళ్లను మాత్రం రద్దు చేయలేదట.

"తాళి కట్టేసినాక కోర్టు మాత్రం ఏం చేస్తాది," అంది పెద్దమ్మ.

మేడమీద అద్దెకుండే దినకర్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. పెద్దమ్మ మూడేళ్లుగా అతనికి పిల్లను వెతుకుతోంది.

"నాకింక పిల్లను చూడొద్దు పెద్దమ్మా. నేను సెల్వంతోనే ఉండిపోతా."

సెల్వం అంటే రోజూ సాయంత్రం వైతికుప్పం నుంచి వచ్చే స్నేహితుడు. పేర్లు మార్చాను, ఇద్దరి అనుమతీ ఉంది. ఇల్లు ఖాళీ చేయమంటుందేమోనన్న భయం దినకర్ మొహంలో కనిపిస్తోంది. నేను ధైర్యంగా పేపరు వెనక దాక్కున్నాను. పెద్దమ్మ చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది.

"ఆ పిల్లోడి నక్షత్రం ఏంది?"

"రోహిణి, రెండో పాదం. పుట్టింది తెల్లారి నాలుగూ పదికి."

"నీ నక్షత్రం అడిగితే మీ అమ్మకు ఫోన్ చేస్తివి. వానిది మాత్రం నిమిషాలతో సహా చెప్తావే. ఇంక నేను జాతకాలు కలిపి చూసే పొరుత్తం ఏముందిరా."

ఈ తీర్పును కాలిఫోర్నియాకు పంపించాలని నా మనవి. అభ్యంతరాలున్నవారు కింద దాఖలు చేసుకోవచ్చు.