గోడకు పులుపు పరీక్ష

మా బావ చేతికి ఏది దొరికినా నీళ్లలో నానబెడతాడు. బియ్యం, పప్పు సంగతి మా అక్క చూసుకుంటుంది. ఈయన నానబెట్టేవి రాళ్లు, పెంకులు, రబ్బరు ముక్కలు, కొత్త చెప్పులు. ఫ్యాక్టరీల చెత్తలోంచీ, ఆ చెత్తతో మళ్లీ తయారుచేసిన సామాన్లలోంచీ నీళ్లలోకి ఏ విషం దిగుతుందో చూసే ల్యాబులో ఆయన ఉద్యోగం. సాయంత్రం ల్యాబుకి తాళం వేస్తారు గానీ, ఈయనకి వెయ్యలేరు కదా.

వాళ్లింట్లో మంచినీళ్లు తాగాలంటే ధైర్యం కావాలి. ఓసారి ఫ్రిజ్ తెరిచి సీసా ఎత్తబోయాను.

"అది డోర్‌మ్యాటు," అంది అక్క.

"పక్కది?"

"నా హ్యాండ్‌బ్యాగు పట్టీ. కుళాయి తిప్పుకుని తాగరా."

నేను ఇల్లు కట్టుకుంటూ, బాయిలరు బూడిదతో చేసిన ఇటుకలు వాడదామని ఆయన్ని సలహా అడిగాను. కోరి తెచ్చుకున్న తలనొప్పి. పైగా పూత పుయ్యకుండా ఇటుకలు అలాగే కనబడాలని మా ఆవిడ ముచ్చట. బావ ఓ ఇటుకను పొడికొట్టి, సీసాలో నీళ్లు పోసి, రోజంతా మరమీద గిరగిరా తిప్పించి, వడకట్టి పరీక్ష చేశాడు.

"నీళ్లలోకి ఏమీ దిగలేదు," అన్నాడు.

"అయితే కొనేస్తా."

"ఆగు. పులుపులో కూడా ఊరాలి."

ఊరింది. పులుపు నీళ్లలోకి సీసం దిగిందట. ఇటుకలు మార్చమన్నాడు.

"గోడ మీద నిమ్మకాయ ఎవడు పిండుతాడు బావా?"

బావ తన ఒళ్లో కూర్చున్న మా పాప జుట్టు సర్దుతూ ఉండిపోయాడు.

ఇంకో బట్టీ ఇటుకలు తెచ్చాను. అవీ పులుపులో ఫెయిలయ్యాయి. మేస్త్రీ విసుగెత్తి వేరే పనికి వెళ్లిపోయాడు. అద్దె ఇంటాయన ఖాళీ చెయ్యమని రోజూ గుమ్మంలో నిలబడుతున్నాడు. నాకు ఒళ్లు మండి, బావతో మాట్లాడటం మానేశాను. ఆయన మాత్రం ఎక్కడో వెతికి మరో రకం ఇటుక పట్టుకొచ్చి, నానబెట్టి, "ఇవి పాసయ్యాయి, కట్టుకో," అని అక్కతో కబురు పెట్టాడు.

కొత్త ఇంట్లోకి సామాను చేరుస్తుంటే మా ఆవిడ కేక వినబడింది. వెళ్లి చూస్తే పాప మూల నక్కి గోడ నాకుతోంది. మాకు ఇన్నాళ్లూ తెలియని విద్య.

"తిట్టకమ్మా చెల్లెమ్మా," అన్నాడు వెనకనుంచి, అక్కతోపాటు సామాను మొయ్యడానికి వచ్చిన బావ.

పాప ఆయన్ని గుర్రుగా చూసింది. "ఎవరికీ చెప్పనన్నావుగా మావయ్యా."

"నేను చెప్పలేదు తల్లీ. నువ్వే దొరికిపోయావు."

నావైపు తిరిగి, "కడుపులో ఉండేది పులుపే కదరా," అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. "అయితే గోడ నాకనివ్వమంటావా?" అన్నాను.

"గోడవల్ల భయం లేదు. అలవాటు మెల్లగా మాన్పించండి, డాక్టరుకీ ఓసారి చూపించండి," అని జేబురుమాలు తడిపి ఆ మూల శుభ్రంగా తుడిచాడు. "ఇటుకనే పరీక్ష చేశాను, పైనున్న దుమ్ముని కాదు."

తుడిచిన రుమాలు మాత్రం పారెయ్యలేదు. సీసా ఏదైనా ఉందా అని మా ఆవిడని అడిగాడు.