ఆడపిల్లలు దిగిన రేవు

మా వీధి చివర కాలవ. ఈత రాని మగపిల్లాడు మా ఊళ్ళో ఉండేవాడు కాదు, ఈత వచ్చిన ఆడపిల్లా ఉండేది కాదు. తొంభైల నాటి మాట. ఇళ్ళలోకి టీవీలు వచ్చాయి, ఆడపిల్లలు కాలేజీలకీ వెళ్తున్నారు, అయినా ఈత సంగతి ఎత్తితే మాత్రం "మీకెందుకే?" అనేవారు. ఆ నీళ్ళలో రోజూ బట్టలుతికేది మేము, అంట్లు తోమేది మేము, బిందెలు ముంచేది మేము. నీళ్ళతో పని మాకు, ఈత వాళ్ళకి! ఇదేం న్యాయమని అడగాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఈత నేర్పేది మా పక్కింటి మావయ్య. చుట్టం కాదు, వరసంతే. రెండు ఎండు కొబ్బరికాయల్ని పీచుతో సహా తాడుతో జతకట్టి, పిల్లాడి పొట్ట కింద పెట్టి నీళ్ళలోకి తోసేవాడు. కాయలు తేలేవి, వాటితో పాటు వాడూ తేలేవాడు. వీధిలో మగపిల్లలందరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆయనకి ఒక్కతే కూతురు. నేను అక్కా అని పిలిచేదాన్ని. తను రేవు మెట్ల మీద కూర్చుని ఆ కుర్రాళ్ళ చొక్కాలకి కాపలా కాసేది.

అక్క ఇంటర్ చదువుతుండగా, ఆషాఢంలో కాలవ నిండుగా పారుతున్నప్పుడు, ముంచుతున్న బిందె చెయ్యి జారి కొట్టుకుపోయింది. అందుకుందామని ఇంకో మెట్టు దిగింది. మెట్టంతా పాచి. రేవులో ఉన్న ఆడవాళ్ళమంతా గొంతులు చించుకుని అరిచాం. దిగగలిగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. పొలాల్లోంచి మగవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. దిగువన లాకుల తలుపుల దగ్గర దొరికింది.

ఆ రోజు మా వీధిలో పొయ్యి వెలగలేదు. చర్చి వీధివాళ్ళు అన్నాలు వండి గిన్నెలతో తెచ్చారు. ఊడ్పులకెళ్ళిన ఆడవాళ్ళు ఆ ఏడు పాట ఎత్తలేదు. వినాయక చవితికి పందిరైతే వేశారు గాని మైకు పెట్టలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు, ఎవరికి వారే మానేశారు. మా మామ్మ మాత్రం కాలవ వైపు తిరిగి "దీని దుంపతెగ, బంగారం లాంటి పిల్లని పొట్టన పెట్టుకుంది" అని రోజూ తిట్టిపోసేది. నాకు ఏడుపొచ్చేది. ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చేది.

పెద్దవాళ్ళు కూర్చుని తేల్చిందేమిటయ్యా అంటే, ఇకమీదట ఆడపిల్లలెవరూ రేవులో కాలు పెట్టకూడదు. బోరింగు నీళ్ళు ఉప్పగా ఉన్నా వాటితోనే సరిపెట్టుకోవాలి. మావయ్య కూడా కాలవ మొహం చూడటం మానేశాడు. గట్టు మీద నడవాల్సి వస్తుందని పొలానికి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అత్తయ్య ఒక్క కన్నీటి చుక్కయినా రాల్చకుండా అరుగు మీద అలా కూర్చునే ఉండేది. మమ్మల్ని ఆవిడ కంటపడనిచ్చేవారు కాదు. మమ్మల్ని చూస్తే కూతురు గుర్తొస్తుందట! మర్చిపోతే కదా గుర్తు రావడానికి.

మళ్ళీ ఎండలు ముదిరి ఒంటిపూట బడులు పెట్టాక, ఒకరోజు అత్తయ్య మా ఇంటికి వచ్చింది. చేతిలో కొబ్బరికాయల జత ఉంది. వెనకాలే మావయ్య వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు.

"వదినా, రేపట్నుంచి నీ కూతుర్ని రేవుకి పంపు. మీ అన్నయ్య ఈత నేర్పుతారు," అంది.

అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "అదేం మాట వదినా?"

"నా వల్ల కాదే," అన్నాడు మావయ్య బయట నుంచి. "ఆ నీళ్ళలో నేను దిగలేను."

"ఊళ్ళో మగపిల్లలందరికీ నేర్పారు కదండీ. నా పిల్ల వాళ్ళ చొక్కాలు పెట్టుకుని కూర్చుంది." అత్తయ్య గొంతు పెంచలేదు. "దానికీ నేర్పండని నేనూ అడగలేదు. నా బుద్ధి గడ్డి తింది. ఇప్పుడడుగుతున్నాను. దిగండి."

మావయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మామ్మ అందుకుంది. "పాపం, దానికి మతి చలించిందే. ఆడపిల్ల నిక్కరేసుకుని కాలవలో గెంతితే ఊరు నవ్వదూ?"

"నవ్వనీ మామ్మా, చచ్చాక ఏడ్చే బదులు," అన్నాను. అమ్మ నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. కానీ మర్నాడు పొద్దున్నే మా అన్నయ్య నిక్కరూ చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఎండాకాలం నీళ్ళు వదలడం ఆపి కాలవ కట్టేసే రోజులు దగ్గర పడటంతో నీళ్ళలో వడి తగ్గింది. మావయ్య పైమెట్టు మీద స్తంభంలా నిలబడిపోయాడు. నేనే ముందు మోకాళ్ళ లోతుకి దిగాను. "మావయ్యా, భయమేస్తోంది, రా!" అని అరిచాను. వేషం కాదు, నిజంగానే. ఆ కేకకి దిగాడు.

మగపిల్లల్ని తోసేసిన మనిషి నన్ను వదిలితే ఒట్టు! కొబ్బరికాయలున్నా సరే, పొట్ట కింద చెయ్యి తియ్యడు. చూసి చూసి అత్తయ్య ఒడ్డు మీంచి కేకేసింది. "వదలండి!"

"మునుగుతుందే!"

"మునిగితే తియ్యడానికి మీరున్నారుగా. వదలండి!"

వదిలాడు. బుడుంగున మునిగి, గుటకలు మింగి, ముక్కులోంచీ నోట్లోంచీ నీళ్ళు కక్కుతూ లేచాను. పెద్దవాళ్ళ కట్టడి పక్కనపెట్టి మెట్ల మీద మూగిన ఆడపిల్లలు నా అవతారం చూసి పకపకా నవ్వారు. నవ్వి, అత్తయ్య ఉందని గుర్తొచ్చి గప్‌చుప్‌గా అయిపోయారు. "నవ్వుకోండే, ఏం కాదు," అందావిడ.

కాలవ కట్టేసేలోగా కొబ్బరికాయల అవసరం తీరిపోయింది. ఒక పొద్దున్న ఈదుకుంటూ అవతలి గట్టుకి పోయి, గడ్డి పట్టుకుని, చెయ్యెత్తి ఊపాను. రేవంతా చప్పట్లు. మా మామ్మ కూడా బోసినోటితో ఏదో అరుస్తోంది. అత్తయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"అటు వెళ్ళడం కాదే. ఇటు రా!" అంది.

తిరిగి బయల్దేరాను. సగం దాటాక చేతులు పీకడం మొదలెట్టాయి. మావయ్య పక్కనే ఈదుతూ వచ్చాడు గాని ముట్టుకోలేదు. రేవు దగ్గరయ్యేసరికి అత్తయ్య చీర తడిసిపోతున్నా మెట్లు దిగి వచ్చి, నా మణికట్టు పట్టుకుని పైకి లాగింది. కొంగుతో నా తల గట్టిగా తుడిచింది.

"నీళ్ళలో పడ్డ పిల్ల ఒడ్డుకొస్తే ఎలా ఉంటుందో కళ్ళారా చూద్దామనుకున్నానే," అంది. అన్నాక ఏడ్చింది. అక్క పోయాక ఆవిడ ఏడవడం చూడటం అదే మొదలు. ఎవరూ ఊరుకోమనలేదు.

ఏడుస్తూనే మెట్ల మీదున్న పిల్లల వైపు తిరిగింది.

"ఊఁ, తర్వాతెవరే? దిగండి."

మావయ్య అప్పటికే నడుం లోతులో చేతులు చాపి నిలబడి ఉన్నాడు.